నిమజ్జనం క్రేన్ మిగతా రోజుల్లో ఏం చేస్తుంది?

నిమజ్జనం రోజు సరూర్‌నగర్ చెరువు దగ్గర నిలబడితే, క్రేన్ ఉన్నదే విగ్రహాలు దించడానికి అనిపిస్తుంది. కానీ అదే క్రేన్ మిగతా రోజుల్లో ఏదో అపార్ట్‌మెంట్ సైట్‌లో ఇనుము మోస్తుంటుంది. మన కణాల్లో కొన్ని ప్రొటీన్ల సంగతీ ఇంతే. కణవిభజన టైమ్‌లో మొదట కంటపడ్డాయి కాబట్టి ‘విభజన ప్రొటీన్లు’ అని పేరు పడిపోయింది.

జెడ్‌డబ్ల్యూ10నే తీసుకోండి. కణం రెండయ్యేటప్పుడు క్రోమోజోములు సరిగ్గా పంచుకోవాలంటే ఇది కావాలని పండ్ల ఈగల్లో తెలిసింది. 2004లో జపాన్ శాస్త్రవేత్తలు దీనికి ఇంకో డ్యూటీ ఉందని చూపించారు. కణం బయటికి పంపే ప్రొటీన్లు ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లో తయారై, గాల్జీ మీదుగా వెళ్తాయి. వాటిని మోసేవి చిన్న చిన్న సంచులు. గాల్జీ నుంచి వెనక్కొచ్చే సంచుల్ని పట్టుకునే ప్రొటీన్ల గుంపులో జెడ్‌డబ్ల్యూ10 కూడా ఉంది. బస్సులు దిల్‌సుఖ్‌నగర్ డిపోకి తిరిగి రాకపోతే మళ్లీ ఎలా బయల్దేరతాయి?

ఇంకోటి సీడీకే1. 1970లో పోటు ఎన్. రావు (ఇంటిపేరు చూస్తేనే మనవాడని తెలిసిపోతుంది), రాబర్ట్ జాన్సన్ కలిసి, విభజనలో ఉన్న కణాన్ని విభజనలో లేని కణంతో కలిపేశారు. రెండోదాని క్రోమోజోములు కూడా టైమ్ కాకముందే ముడుచుకున్నాయి. అంటే విభజన కణంలో ఆర్డర్ వేసేది ఏదో ఉందన్నమాట. అందులో ముఖ్యమైనది సీడీకే1 అని తర్వాత తేలింది. 2018లో మాంచెస్టర్ శాస్త్రవేత్తలు, విభజనకు ముందే కణం తన చుట్టూ ఉన్న పదార్థాన్ని ఎంత గట్టిగా పట్టుకోవాలో కూడా ఇదే కంట్రోల్ చేస్తుందని చూపించారు. పట్టు దొరకందే కణం పాకలేదు, పట్టు వదలందే ముందుకు కదల్లేదు.

ఇదంతా ఎగ్జామ్ కోసం కాదు. మా మూసారాంబాగ్ గల్లీలో కీమో తీసుకుంటున్న ఒక ఆంటీ అడిగింది: “జుట్టు రాలిందంటే సరే బేటా, అరికాళ్లు ఎందుకు మొద్దుబారుతున్నయ్?”

జుట్టు కుదుళ్ల కణాలు త్వరత్వరగా విభజన చెందుతాయి, కాబట్టి మందు వాటికీ తగులుతుంది. నరాల కణాలు అసలు విభజనే చెందవు. కానీ పాక్లిటాక్సెల్ లాంటి మందు పట్టుకునేది మైక్రోట్యూబ్యూల్స్‌ని. విభజనలో క్రోమోజోముల్ని లాగే పట్టాలు అవే. నడుము నుంచి పాదం దాకా, దాదాపు మీటరు పొడవున్న నరంలో సరుకు నడిచేదీ వాటి మీదే. అందుకే దెబ్బ తరచుగా ముందు కాళ్లు, చేతుల చివర్లలో తెలుస్తుంది.

మన భాషలో చెప్పాలంటే, పేరు చూసి ఫంక్షన్ డిలీట్ చేయకూడదు. అది ఎక్కడెక్కడ కాల్ అవుతోందో ముందు వెతకాలి. మీ ఇంట్లో ఎవరికైనా కీమో నడుస్తూ తిమ్మిర్లు మొదలైతే “మామూలేలే” అని ఊరుకోకండి, వెంటనే డాక్టర్‌కి చెప్పండి. అవసరమైతే డోస్ మారుస్తారు.