గుర్రం కాలి గాయం, దుర్మాంసం: తెలుసుకోవలసిన సంగతులు

గద్వాల, వనపర్తి సంస్థానాలుగా ఉన్న రోజుల్లో గుర్రం దర్జాకు గుర్తు. తర్వాత జట్కా బండి లాగింది. ఆటోలు వచ్చాక జట్కాలు కనుమరుగయ్యాయి. ఇప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణాల్లో గుర్రం కనబడిందంటే ఎక్కువగా పెండ్లి బారాత్‌లోనే. ఒక్క గుర్రం మీద ఒక ఇల్లంతా బతుకుతుంది. దాని కాలికి దెబ్బ తగిలితే ఆ ఇంట్లో పొయ్యి మీద కూడా దెబ్బ పడినట్టే.

మా బడి పిల్లవాడు ఒకడు పది రోజులు రాకపోతే వాళ్ల ఇంటికి వెళ్లాము. గుర్రం వెనక కాలికి ముళ్లతీగ గీరుకుంది. ఎవరో చెప్పారని మైలుతుత్తం చల్లారు. నెల తిరిగేసరికి గాయం మీద ఎర్రటి కండ గడ్డలా పెరిగింది. "సార్, ఈ కండ మేమే కోసేద్దామా?" అని తండ్రి అడిగాడు. "వద్దు భాయ్, డాక్టరును పిలుద్దాం" అన్నాము. ఆ రోజు తెలుసుకున్నవే ఇక్కడ రాస్తున్నాము.

గాయం మానేటప్పుడు ముందుగా గుంటను ఎర్రటి లేత కండ నింపుతుంది. తర్వాత అంచుల నుంచి చర్మం దాని మీదికి పాకుతుంది. గుర్రానికి మోకాలి కింద కండరాలు ఉండవు, ఎముక, నరాలు, బిగుతైన చర్మం మాత్రమే. ఆ చర్మం ముడుచుకొని గాయాన్ని మూయలేదు. అడుగు వేసినప్పుడల్లా గాయం కదులుతుంది, దుమ్ము, పేడ అంటుతాయి. వాపు తొందరగా తగ్గదు. దానితో లేత కండ ఆగకుండా పెరిగి చర్మం అంచుల కంటే పైకి లేస్తుంది. అదే దుర్మాంసం. చర్మం ఆ గట్టు ఎక్కలేక అక్కడే ఆగిపోతుంది. పొట్టి టట్టులకు ఈ బాధ తక్కువ, పెద్ద గుర్రాలకు ఎక్కువ.

ఒక చిన్న లెక్క చూడండి. కాలి గాయంలో కొత్త చర్మం రోజుకు సుమారు 0.1 మిల్లీమీటరు మాత్రమే పాకుతుంది. గాయం 4 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే రెండు అంచుల నుంచి చెరి 20 మిల్లీమీటర్లు రావాలి. కేవలం చర్మం పాకడం మీదే ఆధారపడితే 200 రోజులు. ఓపిక ఎందుకు కావాలో దీన్ని బట్టి తెలుస్తుంది.

మొదటి రోజు చేయవలసినవి ఇవి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో పది, పదిహేను నిమిషాలు ఎత్తకుండా అదిమి పట్టాలి. కాచి చల్లార్చిన లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు, అంటే తలగొట్టిన చిన్న చెంచాలు ఒకటిన్నర, కలిపి ధారగా కడగాలి. మైలుతుత్తం, సున్నం, కిరోసిన్, ఇంజను ఆయిలు, బూడిద ఏవీ పెట్టకూడదు. అవి కొత్తగా పుట్టే చర్మాన్ని కాల్చి దుర్మాంసాన్ని పెంచుతాయి. అదే రోజు డాక్టరుకు చూపిస్తే కుట్లు వేసే అవకాశం ఉంటుంది. ధనుర్వాతం గుర్రాలకు చాలా తొందరగా వస్తుంది, వస్తే బతకడం కష్టం. కాబట్టి ఆ ఇంజెక్షను తప్పనిసరి. గాయం కీలు దగ్గర ఉండి పసుపుపచ్చని జిగురు నీరు కారితే గంట కూడా ఆలస్యం చేయకూడదు.

కట్టు కట్టేటప్పుడు గాయానికి అంటుకోని గుడ్డ, దాని మీద మందంగా దూది, ఆ పైన సాగే పట్టీ వేయాలి. తాడుతో బిగిస్తే రక్తం ఆగిపోతుంది. డాక్టరు చెప్పిన రోజుల్లో కట్టు మార్చాలి.

దుర్మాంసం లేచిందంటే డాక్టరు దాన్ని చర్మం మట్టానికి కోస్తారు. ఆ కండలో నరాల స్పర్శ ఉండదు, నొప్పి తెలియదు, కాని రక్తం ధారగా పోతుంది. అందుకే ఇంట్లో కత్తి పట్టకూడదు. ఎంతకీ మానకపోతే లోపల చచ్చిన ఎముక ముక్క ఉందేమో ఎక్స్‌రే తీసి చూడాలి. ఈగల వల్ల వచ్చే పురుగు పుండ్లు, చర్మం మీది కణితులు కూడా ఇలాగే కనబడతాయి. కాళ్ల మీద వరుసగా గడ్డలు లేచి పగిలి తేనెలాంటి చీము కారితే గ్లాండర్స్ కావచ్చు. అది మనుషులకూ అంటుతుంది. ముట్టుకోకుండా పశువైద్యశాలకు తెలపాలి. 2009 చట్టం ప్రకారం తెలపడం బాధ్యత కూడా. తెలంగాణలో సంచార పశువైద్యశాల కోసం 1962కు ఫోను చేయవచ్చు.

ఆ గుర్రం నాలుగు నెలలకు కోలుకుంది, మచ్చ మాత్రం మిగిలింది. మందుల ఖర్చు కంటే కట్టివేసిన రోజుల్లో పోయిన సంపాదనే ఆ ఇంటిని కుంగదీసింది. పెండ్లిళ్ల కాలం పోయింది, అప్పు పెరిగింది. అంతకు ముందు సగం మానిన కాలితోనే ఒకసారి బారాత్‌కు తీసుకుపోయారు, గాయం మళ్లీ తెరుచుకుంది. వాళ్లను తప్పు పట్టలేము, ఇంట్లో బియ్యం లేవు.

సహాయం చేసే పెద్దలు ఈ ఒక్క విషయం గమనించాలి. మందు కొనిచ్చి ఊరుకుంటే సగం సాయమే. గుర్రం నిలబడి ఉన్న వారాలకు ఆ ఇంటి గ్రాసం, గుర్రం దాణా చూస్తేనే గాయం మానుతుంది. అప్పుడు పిల్లవాడు కూలికి కాక బడికి వస్తాడు.