పని చేయలేనివారికి సర్కారు సాయం – ఏ గడప ఎక్కాలి?

అబిడ్స్, నాంపల్లి మీకు తెలిసిన చోట్లే. నాంపల్లిలో రైల్వే స్టేషన్ ఉంది. అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు ఉంది. దాన్ని జి.పి.ఓ. అంటాం. ఈ రెంటి నడుమ ఎన్నో బట్టల దుకాణాలు, చెప్పుల దుకాణాలు, హోటళ్లు, లాడ్జీలు ఉన్నాయి. ఇక్కడ వేలమంది ఒంటి కష్టం మీద బతుకుతారు. మూటలు మోస్తారు. పొద్దస్తమానం నిలబడి బట్టలు చూపిస్తారు. ప్లేట్లు కడుగుతారు. ఆటో తోలుతారు.

అలాంటి మనిషికి కాలు విరిగితే? చూపు పోతే? పక్షవాతం వచ్చి చెయ్యి పడిపోతే?

"సర్కారు పెన్షన్ ఇస్తదంట, పోయి అడుగు" అంటారు ఇంట్లోవాళ్లు. మంచి మాటే. కానీ ఎక్కడికి పోవాలి? ఏ కాగితం చూపాలి? ఇది తెలియక మనిషి ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. నడవలేని మనిషిని అంతగా తిప్పడం అన్యాయం. కాబట్టి ఇంట్లో కూర్చుని ముందే కొంత తెలుసుకుందాం.

మొదట మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి. దెబ్బ ఎక్కడ తగిలింది? పనిలో తగిలిందా? లేక పుట్టుకతో వచ్చిందా, జబ్బు వల్ల వచ్చిందా? ఈ ఒక్క ప్రశ్న మీద మీరు పోవలసిన దారి మారిపోతుంది. చాలామంది దీన్ని అడగరు. అందరూ పెన్షన్ లైన్లోనే నిలబడతారు.

పనిలో దెబ్బ తగిలినవారి సంగతి చూద్దాం. మీరు ఒక బట్టల దుకాణంలో పని చేస్తున్నారు. అక్కడ పదిమంది, అంతకు మించి పనివాళ్లు ఉన్నారు. మీ జీతం నెలకు 21 వేల రూపాయలు దాటదు. అయితే యజమాని మిమ్మల్ని ఇ.ఎస్.ఐ.లో చేర్చాలి. మీ జీతంలో నూటికి 75 పైసలు కోస్తారు. యజమాని నూటికి 3 రూపాయల 25 పైసలు కడతాడు. 2019 జూలై నుంచి ఇదే లెక్క. మీ జీతం చీటీ తీసి చూడండి. కోతల్లో ఇ.ఎస్.ఐ. అని ఉందా? ఉంటే మీకు పది అంకెల నంబరు ఒకటి ఉంటుంది. ఆ నంబరు మీ దగ్గర రాసి పెట్టుకోండి. ఒక్క నెల కోత పడినా, ఒక్క రోజు పని చేసినా, పనిలో దెబ్బ తగిలితే ఈ సాయం అడగవచ్చు.

నిచ్చెన మీద నుంచి పడి చెయ్యి విరిగిందనుకోండి. నయమయ్యే దాకా ఇ.ఎస్.ఐ. వాళ్లు జీతంలో నూటికి 90 చొప్పున ఇస్తారు. నయమయ్యాక కూడా చెయ్యి మునుపటిలా లేవకపోతే మెడికల్ బోర్డు ముందుకు పోవాలి. బోర్డు డాక్టర్లు ఏం చూస్తారు? ఈ మనిషికి సంపాదించే శక్తి ఎంత పోయింది అని చూస్తారు. ఒక లెక్క వేద్దాం. నెలకు 15 వేల జీతం. అంటే రోజుకు 500. అందులో నూటికి 90 అంటే 450. బోర్డు 30 శాతం శక్తి పోయిందని రాసింది. 450లో 30 శాతం 135 రూపాయలు. రోజుకు 135 అంటే 30 రోజులకు 4050 రూపాయలు. ఇది బతికున్నంత కాలం వస్తుంది.

ఇంటి నుంచి పనికి పోయే దారిలో, పని నుంచి ఇంటికి వచ్చే దారిలో ప్రమాదం జరిగినా ఇది వర్తిస్తుంది. 2010 నుంచి ఈ నిబంధన ఉంది. అయితే ప్రమాదం జరిగిన సంగతి యజమాని రాసి పంపాలి. కొందరు యజమానులు "దవాఖాన ఖర్చు నేను పెట్టుకుంటా, రాయకులే" అంటారు. ఆ మాటకు ఒప్పుకోకండి. ఖర్చు పదిరోజుల్లో అయిపోతుంది. చెయ్యి మాత్రం జీవితాంతం అలాగే ఉంటుంది. ఇ.ఎస్.ఐ. ప్రాంతీయ కార్యాలయం ఆదర్శనగర్‌లో, హిల్‌ఫోర్ట్ రోడ్డు మీద ఉంది. నాంపల్లి నుంచి దూరం కాదు. మీ శాఖ ఆఫీసు ఏదో అక్కడ అడగండి.

ఇ.ఎస్.ఐ. లేనివాళ్ల సంగతి వేరు. పనిలో దెబ్బ తగిలితే యజమాని నష్టపరిహారం ఇవ్వాలని 1923లోనే చట్టం వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి ఆ నిబంధనలు సామాజిక భద్రతా కోడ్ అనే కొత్త చట్టంలో చేరాయి. దీనికి కార్మిక శాఖ ఆఫీసుకు పోవాలి. ఆలస్యం చేస్తే సాక్షులు దొరకరు.

ఇక పుట్టుకతో వచ్చినవారు, జబ్బు వల్ల పని పోయినవారు. వీళ్లకు రెండో దారి. అదే వికలాంగుల పెన్షన్. ఉమ్మడి రాష్ట్రంలో ఇది నెలకు 500 రూపాయలు ఉండేది. తెలంగాణ వచ్చాక 2014లో ఆసరా పేరుతో 1500 చేశారు. 2019లో 3016 చేశారు. 2023 జూలై నుంచి 4016 చేశారు. ఇప్పుడు దీన్ని చేయూత అంటున్నారు. దీనికి వయసుతో పని లేదు. పిల్లలకైనా ఇస్తారు. కానీ కుటుంబం పేదదై ఉండాలి.

ఇక్కడ "నేను పని చేయలేను" అంటే చాలదు. "శాతం ఎంత?" అని అడుగుతారు. శాతం అంటే నూటికి ఎంత అని. కనీసం 40 ఉండాలి. చెవుడు అయితే 51 ఉండాలి. ఒక హమాలీకి నడుము దెబ్బతింది. ఒక గుమాస్తాకూ అంతే దెబ్బతింది. డాక్టరు ఇద్దరికీ 35 రాస్తాడు. గుమాస్తా కుర్చీలో కూర్చుని లెక్కలు రాసుకుంటాడు. హమాలీ మూట ఎత్తలేడు. ఇద్దరికీ పెన్షన్ రాదు. డాక్టరు ఒంటిని చూస్తాడు, చేసే పనిని చూడడు. నన్నడిగితే హమాలీకి ఈ లెక్క న్యాయం కాదు. కానీ నడుస్తున్న లెక్క ఇదే. అందుకే మొదటి దారి ఉన్నవాళ్లు దాన్ని వదులుకోవద్దని అంటున్నాను. పైన చెప్పిన 30 శాతం మనిషికి పెన్షన్ లైన్లో ఒక్క పైసా రాదు.

వికలాంగులు అంటే కాలూ చెయ్యీ లేనివాళ్లే కాదు. 1995 చట్టంలో ఏడు రకాలే ఉండేవి. 2016 చట్టంలో 21 రకాలు చేర్చారు. మతి జబ్బు, కండరాల క్షీణత, తలసేమియా, యాసిడ్ దాడి వల్ల కలిగిన వైకల్యం అన్నీ ఉన్నాయి.

మరి శాతం ఎవరు రాస్తారు? సర్కారు దవాఖాన డాక్టర్లు రాస్తారు. ముందుగా దరఖాస్తు చేసుకోవాలి. మునుపు సదరం శిబిరానికి మీసేవలో స్లాటు తీసుకునేవాళ్లు. 2025 నుంచి తెలంగాణలో యు.డి.ఐ.డి. అనే కేంద్ర వెబ్‌సైటులో దరఖాస్తు చేయాలి. మీ ఇంట్లో చదువుకునే పిల్లలు ఫోనులో చేయగలరు. లేదంటే మీసేవకు పోండి. ఆధార్, ఫోటో, అడ్రసు రుజువు పట్టుకుపోండి. ఏ తారీకున ఏ దవాఖానకు రావాలో తెలుపుతారు. ఆ రోజు పాత కాగితాలన్నీ తీసుకుపోండి. ఎక్సరేలు, చీటీలు, డిశ్చార్జి కాగితం, ఏదీ వదలొద్దు. డాక్టరు మిమ్మల్ని చూసేది కాసేపే. మీ రెండేళ్ల బాధ ఆ కాగితాల్లోనే ఉంటుంది.

తర్వాత కార్డు వస్తుంది. అక్షరాలు ఇంగ్లీషులో ఉన్నా అంకెలు మీకు వచ్చు కదా. శాతం అంకె చూడండి. రంగు చూడండి. 40 కన్నా తక్కువైతే తెలుపు గీత. 40 నుంచి 80 లోపు పసుపు. 80, ఆపైన నీలం. గడువు తారీకు ఉందేమో చూడండి. కొన్ని సర్టిఫికెట్లు కొన్నేళ్లకే ఇస్తారు. గడువు దాటక ముందే మళ్లీ పరీక్షకు పోవాలి. శాతం తప్పు వేశారనిపిస్తే పై అధికారికి అప్పీలు చేసుకునే హక్కు 2016 చట్టంలో ఉంది.

కార్డు వస్తే పెన్షన్ వచ్చినట్టేనా? కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. కార్డు పెట్టెలో పెట్టి ఎదురు చూస్తారు. పెన్షన్‌కు వేరే దరఖాస్తు పెట్టాలి. హైదరాబాదు జిల్లాలో మండలాలు ఉన్నాయి. నాంపల్లి కూడా ఒక మండలం. మీరుండే మండలం తహశీల్దారు ఆఫీసులో అడగండి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు, కార్డు నకళ్లు ఇవ్వాలి. అసలు కాగితాలు ఎవరి చేతికీ ఇచ్చి రావద్దు.

"అక్కా, ఇగ రసీదు ఎందుకు, పని అయితది పో" అంటాడు ఒకాయన. మీరు కదలకండి. "రసీదు ఇయ్యి బిడ్డా, అప్పుడే పోత" అనండి. కొత్త పెన్షన్లు ప్రతి నెలా మంజూరు కావు. ఒక్కోసారి దరఖాస్తులు విడతగా తీసుకుంటారు. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు ప్రజాపాలన పేరుతో అలాగే తీసుకున్నారు. ఏళ్ల తర్వాత అడగాలన్నా మీ చేతిలో తారీకు, ముద్ర ఉన్న రసీదు ఉండాలి.

రసీదు ఇవ్వకపోతే జి.పి.ఓ.కు నడవండి. దరఖాస్తును స్పీడ్ పోస్టులో పంపండి. పోస్టు రసీదు దాచుకోండి. చాలా రోజులు జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. "నా దరఖాస్తు ఎక్కడ ఉంది? ఎవరి దగ్గర ఎన్నాళ్లుంది?" అని రాసి అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. పేద కుటుంబమని కాగితం జత చేస్తే రుసుము లేదు. సోమవారం కలెక్టరేటులో ప్రజావాణి ఉంటుంది, అక్కడా చెప్పుకోవచ్చు. ఈ కలెక్టరేటు ఏళ్ల తరబడి అబిడ్స్‌లో ఉండేది. ఆఫీసులు చోటు మారుతుంటాయి. బయలుదేరే ముందు ఒక ఫోను చేసి అడ్రసు అడగండి. ఆటో కిరాయి మిగులుతుంది.

ఆఫీసు గేటు దగ్గర పైరవీకార్లు ఉంటారు. "అయిదు వేలు ఇస్తే 40 శాతం వేయిస్తా" అంటారు. కొందరు పుస్తెలు కుదువబెట్టి ఇస్తారు. అలా వచ్చిన కాగితం మళ్లీ పరీక్షలో నిలవదు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పెన్షన్ తీసుకునేవాళ్లను మళ్లీ పరీక్ష చేశారు. శాతం తక్కువ వచ్చినవాళ్లకు నోటీసులు పోయాయి. నిజంగా అవస్థ పడేవాళ్లు కూడా ఆ వరుసలో నిలబడవలసి వచ్చింది. పాత ఎక్సరేలు, చీటీలు ఉన్నవాళ్లకు తమ మాట చెప్పుకోవడానికి ఆధారం ఉంది. అందుకని కార్డు వచ్చాక కూడా వాటిని పారేయకండి. ఆఫీసులో ఉద్యోగి ఎవరైనా లంచం అడిగితే 1064 నంబరుకు ఫోను చేయండి. అది ఏసీబీ నంబరు. ఆ ఫోనుకు పైసలు పడవు.