తీరం ఖాళీ అయితే కాపలా ఎవరు?

మన హాస్టల్ విద్యార్థుల్లో చాలామందిమి సముద్రం పక్క పల్లెల నుండి వచ్చినవాళ్లమే. తుఫాను వస్తుందంటే అధికారులు వచ్చి మన ఊళ్లను ఖాళీ చేయిస్తారు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను గురించి పెద్దలు ఇప్పటికీ చెబుతుంటారు. మరి సముద్రం మీదుగా శత్రువు వస్తున్నాడంటే ఏం చేయాలి? అప్పుడు మాత్రం సాధారణంగా "ఇళ్లు వదలొద్దు" అంటారు. ఈ తేడా ఎందుకో తెలియాలంటే 1942వ సంవత్సరం సంగతులు తెలుసుకోవాలి.

రెండవ ప్రపంచ యుద్ధంలో జపాన్ సేనలు ఆ ఏడాది ఫిబ్రవరి 15న సింగపూరును, మార్చి 8న రంగూనును, మార్చి 23న పోర్టుబ్లెయిరును పట్టుకున్నాయి. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో దాదాపు ఇరవై సరుకు ఓడలు మునిగిపోయాయి. శత్రువు మద్రాసు మీదికి వస్తున్నాడని వదంతి పుట్టింది. అవసరం లేనివాళ్లు నగరం విడిచి వెళ్లమని ప్రభుత్వమే చెప్పింది. కొన్ని కార్యాలయాలను లోతట్టు ఊళ్లకు మార్చారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా విశాఖ నుండి గుంటూరుకు తరలింది. ఆ విశాఖకూ, మద్రాసుకూ నడుమ ఉన్నదే మన నెల్లూరు తీరం. రెండు నగరాలను కలిపే రైలు మార్గం, ఒకప్పుడు పడవలు నడిచిన బకింగ్‌హాం కాలువ రెండూ మన జిల్లా గుండానే పోతాయి.

ఇలాంటి సమయంలో జనం ఇళ్లలో ఉండటం వల్ల మూడు ప్రయోజనాలున్నాయి.

మొదటిది, దారులు. 1940లో ఫ్రాన్సులో లక్షలాది మంది ఒక్కసారిగా రోడ్లెక్కడంతో సైన్యం కదలడమే కష్టమైంది. అది చూసిన బ్రిటన్ అదే ఏడాది జూన్‌లో, శత్రువు దిగితే ఉన్నచోటే ఉండండని ఇంటింటికీ కరపత్రం పంచింది.

రెండవది, పని. 1941 డిసెంబరు 23న రంగూను మీద బాంబులు పడగానే రేవు కూలీలు పారిపోయారు. వాళ్లలో మన తెలుగువాళ్లు చాలామంది. ఓడల్లో సరుకు దించే దిక్కు లేకపోయింది.

మూడవది, చూపు. ఏ మొగ దగ్గర ఎంత లోతుందో, ఏ పడవ మన ఊరిది కాదో మత్స్యకారులకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

అయితే ఉండమని చెప్పినంత మాత్రాన జనం ఉండరు. రంగూను కూలీలది పిరికితనం అనలేం. తలదాచుకునే చోటు, పిల్లలకు తిండి, పోతే ఇంటివాళ్లను చూసుకుంటారన్న నమ్మకం లేనప్పుడు ఎవరైనా పోతారు. పైగా లోతట్టున బంధువులు, చేతిలో డబ్బు ఉన్నవాళ్లే ముందుగా రైలెక్కగలరు. కూలినాలి చేసుకునే మనబోటివాళ్లు ఎలాగూ మిగిలిపోతారు. అందుకే ఈ విషయం మనకు ముఖ్యం.

ప్రభుత్వం నమ్మకపోతే ఏమవుతుందో బెంగాల్ చూపింది. 1942లో శత్రువుకు దొరకకూడదని పదిమందికి పైగా పట్టే పడవలను అక్కడి తీరంలో స్వాధీనం చేసుకున్నారు, పాడుచేశారు. మత్స్యకారుల బతుకుతెరువు పోయింది, ధాన్యం రవాణా దెబ్బతింది. 1943 కరువుకు ఇదీ ఒక కారణమైంది. మద్రాసు రాష్ట్రంలో ప్రజల ప్రభుత్వం ఉంటేనే రక్షణ సాధ్యమని రాజాజీ 1942 ఏప్రిల్‌లో వాదించారు. కాంగ్రెస్ ఒప్పుకోలేదు. మన జిల్లా అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య గారు నాయకులుగా ఉన్న కమ్యూనిస్టు పార్టీ, జపాన్‌ను ప్రజలే ఎదిరించాలని పిలుపునిచ్చింది. దారులు వేరైనా, ప్రజలు లేకుండా తీరాన్ని కాపాడలేమన్నది అందరికీ తెలిసింది.

2008 నవంబరు 26న ముంబై మీద దాడి చేసినవాళ్లు సముద్రం మీదుగానే వచ్చారు. ఆ తర్వాత మత్స్యకారులకు గుర్తింపు కార్డులిచ్చారు, మెరైన్ పోలీస్ స్టేషన్లు పెంచారు. 2025 మే 7న విశాఖలో పౌర రక్షణ విన్యాసాలు కూడా జరిగాయి.

మిత్రులారా, సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మనం చేయగలిగింది కొంత ఉంది. మెరైన్ పోలీసుల నంబరు 1093, కోస్ట్ గార్డు నంబరు 1554 ఇంట్లో అందరికీ చెబుదాం. ప్రథమ చికిత్స నేర్చుకుందాం. వదంతిని మరొకరికి చేరవేయకుండా ఆపుదాం. మన ఊరి తుఫాను షెల్టరు తలుపులు, నీళ్ల ట్యాంకు బాగున్నాయో లేదో చూసి, బాగోకపోతే పంచాయతీలో గట్టిగా అడుగుదాం. ఉండమని చెప్పేవాళ్లను, ఉండటానికి ఏం ఏర్పాట్లు చేశారని అడిగే హక్కు మనకుంది.