తెర వెనుకే యంత్రమంతా: చౌక ఆల్ ఇన్ వన్ కంప్యూటర్ కొనదగినదేనా?

మానిటర్ వెనుక భాగంలోనే మదర్ బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, డిస్క్, స్పీకర్లు, కెమెరా అన్నీ అమర్చి, విడిగా సీపీయూ పెట్టె అవసరం లేకుండా ఒకే వస్తువుగా అమ్మే కంప్యూటర్‌ను ఆల్ ఇన్ వన్ అంటారు. ఈ రూపం కొత్తది కాదు. ఆపిల్ సంస్థ 1984లో తెచ్చిన మెకింతోష్, 1998లో తెచ్చిన ఐమాక్ ఈ పద్ధతిలో తయారైనవే. అవి ఖరీదైన యంత్రాలు. కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, నిర్మల్ వంటి పట్టణాలలో నేడు సామాన్య కుటుంబాలు, చిన్న వ్యాపారులు కొనాలని చూసేవి సుమారు ముప్పై వేల నుంచి నలభై ఐదు వేల రూపాయల లోపు వచ్చే ప్రారంభ స్థాయి యంత్రాలు. బల్ల మీద చోటు కలిసిరావడం, వైర్లు కనబడకపోవడం, చూపుకు అందంగా ఉండడం వీటిని కొనిపించే గుణాలు. కానీ పత్తి అమ్మిన డబ్బులోంచో, జీతం నుంచి నెలనెలా కట్టే వాయిదాలతోనో పెట్టే ఇంత సొమ్ముకు తగిన ఫలితం దక్కుతుందా అన్నది, ఆ యంత్రం మొదటి నెలలో ఎలా పనిచేసిందన్న దానికంటే, నాలుగో ఏడాదిలో ఏ స్థితిలో ఉంటుందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

తెర వెనుక ఉన్న కొద్దిపాటి చోటులో పెద్ద ఫ్యాను పట్టదు కాబట్టి, తయారీదారులు ఇందులో డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కు బదులు తక్కువ కరెంటుతో, తక్కువ వేడితో నడిచే ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌ను వాడతారు. అందువల్ల చూడడానికి డెస్క్‌టాప్‌లా ఉన్నా, లోపల ఉన్నది బ్యాటరీ లేని ల్యాప్‌టాప్ అనుకోవడం సరైన అంచనా. ప్రాసెసర్ పేరు చివర యు అనే అక్షరం ఉంటే అది ఈ తరగతికి చెందినదని గుర్తు. ఇంటెల్ సంస్థ 2023లో తెచ్చిన ఎన్100 ఇంకా చిన్నది. కేవలం 6 వాట్ల స్థాయికి రూపొందిన ఈ చిప్‌లో నాలుగు చిన్న కోర్లు, అంటే లెక్కలు చేసే భాగాలు, ఉంటాయి. 2022 నాటి ఐ3-1215యులో రెండు పెద్ద కోర్లు, నాలుగు చిన్న కోర్లు ఉండడం వల్ల అది దానికంటే స్పష్టంగా మెరుగు. ఏఎండీ వారి రైజెన్ 3 7320యు పేరులోని మొదటి అంకె 7 దానిని 2023 నమూనాగా చూపినా, మూడో అంకె 2 తెలిపేది 2019లో వెలువడిన జెన్ 2 నిర్మాణాన్ని. ఈ చిప్ ఉన్న యంత్రాలలో ర్యామ్ బోర్డుకే అతికి వస్తుంది గనుక తర్వాత పెంచుకునే వీలుండదు.

ర్యామ్ అంటే తెరిచి ఉన్న పనులను కంప్యూటర్ తాత్కాలికంగా నిలుపుకునే చోటు. విండోస్ 11కు కనీసం 4 జీబీ చాలునని మైక్రోసాఫ్ట్ చెప్పినా, బ్రౌజర్‌లో పది పేజీలు తెరిచి, వీడియో పాఠం వింటూ, పక్కన ఒక ఫైలు టైపు చేసుకునేవారికి 8 జీబీ కంటే తక్కువ ఉంటే ఇబ్బంది తప్పదు. డిస్క్ విషయంలో సందేహమే అక్కరలేదు: తిరిగే పాత రకం హార్డ్ డిస్క్ ఒక్కటే ఉన్న యంత్రం ఎంత చౌకగా వచ్చినా వదిలేయవలసిందే, చిప్‌ల మీద సమాచారం దాచే ఎస్ఎస్‌డీ తప్పనిసరి.

అయితే ఈ శక్తి ఏ పనికి సరిపోతుంది? 2011లో మొదలైన మీసేవ కేంద్రాలలో జరిగే పని, ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న ప్రారంభమైన భూభారతి పోర్టల్‌లో భూమి వివరాలు చూడడం, డిగ్రీ ప్రవేశాల కోసం దోస్త్‌లో దరఖాస్తు నింపడం, మందుల దుకాణంలో బిల్లింగ్, ట్యాలీలో లెక్కలు రాయడం వంటివన్నీ ప్రాసెసర్‌ను పెద్దగా శ్రమపెట్టవు. ఇక్కడ అసలు కొరత యూఎస్‌బీ పోర్టులది. వేలిముద్రల పరికరం, ప్రింటరు, స్కానరు, వైర్‌లెస్ మౌస్ రిసీవరు అన్నీ తగిలించాక చాలా చౌక నమూనాలలో పెన్‌డ్రైవ్‌కు చోటు మిగలదు. అను ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు కూర్చే డీటీపీ పని కూడా వీటి మీద నడుస్తుంది. కానీ ఫ్లెక్సీల సంగతి వేరు. పది అడుగుల వెడల్పు బ్యానరును, అనేక ఫొటోల పొరలతో, ఫొటోషాప్‌లో కూర్చేటప్పుడు 8 జీబీ ర్యామ్ తొందరగా నిండిపోయి, యంత్రం డిస్క్‌నే ర్యామ్‌గా వాడుకోవడం మొదలుపెట్టి, ప్రతి మార్పుకూ ఆగిపోతుంది. ఎన్నికల వేళ, పెళ్లిళ్ల ముహూర్తాలలో ఒకే రోజు పదుల డిజైన్లు ఇవ్వవలసిన దుకాణదారుకు ఇది నేరుగా ఆదాయ నష్టమే గనుక, ఆ వృత్తిలో ఉన్నవారు ప్రారంభ స్థాయి ఆల్ ఇన్ వన్ వైపు చూడకపోవడమే మేలు.

ఉత్తర తెలంగాణ వాతావరణాన్ని ఈ లెక్కలోకి తీసుకోకుండా నిర్ణయం చేయడం కుదరదు. మే నెలలో జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాద్ ప్రాంతాలలో ఎండ 45 డిగ్రీలకు చేరినప్పుడు, ఇరుకు పెట్టెలోని ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మధ్యాహ్నం యంత్రం మందకొడిగా మారడానికి చాలాసార్లు కారణమిదే. జమ్మికుంట, ఆదిలాబాద్ పత్తి మార్కెట్ల దగ్గర, జిన్నింగ్ మిల్లుల కార్యాలయాలలో గాలిలో తేలే నూగు ఆ సన్నని గాలి సందులను మూసివేస్తే పరిస్థితి మరింత విషమిస్తుంది. సీపీయూ పెట్టెకైతే పక్క రేకు విప్పి బ్రష్‌తో దులుపుకోవచ్చు; ఆల్ ఇన్ వన్‌ను విప్పడం తెరకు ప్రమాదం లేకుండా అందరికీ సాధ్యమయ్యే పని కాదు.

కరెంటు విషయంలో మాత్రం ఈ యంత్రానికి న్యాయమైన ప్రశంస దక్కాలి. సాధారణ 600 వీఏ యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 84 వాట్ అవర్ల శక్తి నిలువ ఉంటుంది. మార్పిడిలో పోయేది పోగా, 40 వాట్లు తీసుకునే ఆల్ ఇన్ వన్‌ను అది సుమారు గంటసేపు నడపగలదు. వంద వాట్లు లాగే సీపీయూ, మానిటర్ జంట అందులో సగం సేపు కూడా నిలవదు. ఈదురుగాలుల వానకు కరెంటు పోయే ఊళ్లలో, దరఖాస్తు సగంలో ఉన్న విద్యార్థికి ఈ తేడా చిన్నదేమీ కాదు. అయితే ల్యాప్‌టాప్‌లా సొంత బ్యాటరీ లేదు గనుక యూపీఎస్ ధరను మొదటే కలుపుకోవాలి.

అన్నిటికంటే బరువైన విషయం మరమ్మతు. విడి డెస్క్‌టాప్‌లో పవర్ సప్లై కాలిపోతే కరీంనగర్‌లోనే కాదు, కాగజ్‌నగర్‌లోనూ వేరొకటి బిగించగల మనిషి దొరుకుతాడు. మానిటర్ పోతే పక్కింటిది తెచ్చి పని గడుపుకోవచ్చు. సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి దాదాపు ఏ భాగాన్నయినా తెప్పించుకోవచ్చు. ఆల్ ఇన్ వన్‌లో బోర్డు ఆ నమూనాకే ప్రత్యేకంగా తయారవుతుంది, తెర ఆ చట్రానికే సరిపోతుంది. అందువల్ల తెర పగిలితే మంచి ప్రాసెసర్ నిరుపయోగమవుతుంది, బోర్డు పోతే మంచి తెర నిరుపయోగమవుతుంది, వారంటీ ముగిశాక ఏ ఒక్కటి మార్చాలన్నా కొత్త యంత్రం ధరలో పెద్ద భాగం అడగవచ్చు. ఇంటికి వచ్చి బాగుచేసే ఆన్‌సైట్ వారంటీ ఉందని పెట్టె మీద రాసి ఉన్నా, అది ఉట్నూరు, ఆసిఫాబాద్ పిన్‌కోడ్‌లకు వర్తిస్తుందో లేదో కంపెనీ టోల్‌ఫ్రీ నంబరులో అడిగి తెలుసుకున్నాకే డబ్బు చెల్లించాలి.

ఈ కారణాలన్నిటినీ తూచితే, ఒకే చోట ఉండే తేలిక పనికి, అంటే ఆసుపత్రి రిసెప్షన్‌కు, చిన్న కార్యాలయానికి, పెద్దవాళ్లున్న ఇంటికి, మూడేళ్ల వారంటీతో వచ్చే ఐ3 తరగతి ఆల్ ఇన్ వన్ కొనదగినదే. పదో తరగతి తర్వాత బాసర ట్రిపుల్ ఐటీకో హైదరాబాద్ హాస్టల్‌కో వెళ్లబోయే పిల్లలకు ల్యాప్‌టాపే సరైనది. రోజంతా నడిచే దుకాణానికి, స్థలం పెద్ద సమస్య కానంత వరకు, విడి భాగాల డెస్క్‌టాప్‌కు సాటి లేదు. స్థలమే సమస్య అయితే పుస్తకమంత ఉండే మినీ పీసీని మానిటర్ వెనుక బిగించుకుంటే ఆల్ ఇన్ వన్ అందమూ, విడిగా మార్చుకునే వెసులుబాటూ రెండూ దక్కుతాయి. ఈ మార్గం గురించి అమ్మేవారు చెప్పడం తక్కువ గనుక కొనేవారే అడగాలి.

పాత యంత్రాలను శుభ్రం చేసి చౌకగా అమ్మేచోట మరో జాగ్రత్త అవసరం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదో తరానికి ముందున్నవాటిలో దాదాపు ఏదీ విండోస్ 11 అర్హత జాబితాలో లేదు. కొత్తదైనా పాతదైనా, దుకాణంలోనే యంత్రాన్ని ఆన్ చేయించి, టాస్క్ మేనేజర్‌లో మెమరీ భాగం తెరిస్తే ర్యామ్ స్లాట్లు ఎన్ని ఉన్నాయో, ఎన్ని నిండాయో సాధారణంగా కనిపిస్తుంది. ఒక స్లాటు ఖాళీగా ఉంటే రెండేళ్ల తర్వాత కొద్ది ఖర్చుతో ర్యామ్ పెంచుకోవచ్చు. వెనుక హెచ్‌డీఎంఐ ఇన్ అని రాసిన పోర్టు ఉంటే, లోపలి బోర్డు చెడిపోయాక కూడా చాలా నమూనాలలో ఆ తెరను మానిటర్‌గా వాడుకోవచ్చు. చౌక నమూనాలలో ఎక్కువగా ఉండేది హెచ్‌డీఎంఐ అవుట్ మాత్రమే, అది ఇందుకు పనికిరాదు.