కంటికి కానరాని ఖాళీ
సింగరేణి బొగ్గుగనుల పట్టణమైన ‘గోదావరిఖని’ పేరునకు ముందొక ఖాళీయు వెనుక రెండును చేరినచో మన కన్ను గుర్తింపక సాగిపోవును గాని, ఖాళీని సైతము 32వ సంఖ్యగల అక్షరముగా గణించు కంప్యూటరు, గుణింతపు గుర్తులతో కలిపి 10 సంకేతముల పేరు 13 అయినదని చూచి, ఇది వేఱొక ఊరని నిశ్చయించును. పైథాన్ భాషయందలి ‘స్ట్రిప్’ రెండు కొసలను శుభ్రపఱచును. నడిమి ఖాళీల జోలికి పోదు. వానికై ‘స్ప్లిట్’తో మాటలను విడదీసి, ‘జాయిన్’తో ఒక్కొక్క ఖాళీ చొప్పున మరల కూర్చవలెను.

తెలుగువారికి ఇంతకంటె సూక్ష్మమైన చిక్కొకటి కలదు. ‘ఇంక్లైన్‌లో’ అని వ్రాయునపుడు పొల్లు నిలుచుటకై చేర్చు వెడల్పులేని గుర్తు ఖాళీల లెక్కలోనిది కాదు. కొసన మిగిలినను స్ట్రిప్ తనంతట దానిని ముట్టదు. అంతటా తుడిచివేసినచో ‘ఇంక్లైన్లో’ అగును. కావున కొసలయందు మాత్రమే దానిని తొలగింపుమని స్ట్రిప్‌నకు ప్రత్యేకముగా చెప్పుడు.