నల్లరాతి దీవిలో బాటలు

గద్వాల నుండి ఆత్మకూరునకు పోవువారు జూరాల ఆనకట్ట మీదుగా కృష్ణానదిని దాటుదురు. వనపర్తి వైపు నుండి కర్నూలునకు పోవువారు బీచుపల్లి వంతెన మీద దాటుదురు. నాగర్‌కర్నూలు జిల్లాలోని మన్ననూరు దాటి శ్రీశైలమునకు పోవువారు నల్లమల అడవిలో మలుపులు తిరుగుచు దిగి, ఆ నదినే లోయ అడుగున చూతురు. ఈ మూడు త్రోవలలో ఏదో యొకదానిలో మీరును ఎన్నడో పోయియుందురు. బస్సు కిటికీ కడ కూర్చుండి, "ఎంత చక్కని చోటు!" అని అనుకొనియు ఉందురు. కాని ఈ కొండ ఎట్లు పుట్టినది? ఈ బాటను ఎవరు వేసిరి? అని తమలో తాము ప్రశ్నించుకొనువారు కొందరే. ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలిసినవానికి బాట ఒక గ్రంథము వలె కనబడును. తెలియనివానికి అది కేవలము దాటిపోవు దూరము.

ఈ సంగతిని గ్రహించుటకు మనము సముద్రము మీద చాల దూరముననున్న ఒక చిన్న దీవికి పోవుదము. దాని పేరు మారిషస్. దూరముననున్నను అది మనకు పరాయిది కాదు. ఎందుచేత కాదో ప్రయాణము ముగియునప్పటికి మీకే తెలియగలదు.

హిందూ మహాసముద్రములో, భూమధ్యరేఖకు దక్షిణముగా 20 డిగ్రీల అక్షాంశము చెంత, మడగాస్కరు దీవికి తూర్పున సుమారు 800 కిలోమీటర్ల దూరమున మారిషస్ ఉన్నది. దాని పొడవు సుమారు 65 కిలోమీటర్లు. వెడల్పు 45 కిలోమీటర్లు. అది అగ్నిపర్వతము వలన పుట్టిన దీవి. భూమి లోతులలో కొన్ని తావుల వేడి మిక్కుటమై, రాయి కరగి పైకి పొంగుచుండును. ఆ వేడి తావు చాలవరకు ఉన్నచోటనే ఉండగా, దాని మీది భూమి పైపొర మిక్కిలి మెల్లగా జరుగుచుండును. పొయ్యిలోని మంట కదలక ఉండగా దానిపై ఒక తాటియాకును మెల్లగా లాగినచో ఆకు మీద వరుసగా మాడిన మచ్చలు పడును గదా! సముద్రములోని కొన్ని దీవుల వరుసలు ఇట్టి మచ్చలే యని చెప్పవచ్చును.

భూగర్భ శాస్త్రజ్ఞులలో పెక్కుమంది అభిప్రాయము ప్రకారము, సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట ఆ పొయ్యి మన దక్కను పీఠభూమి క్రింద మండెను. అప్పుడు పొంగిన ద్రవశిల పొరలు పొరలుగా గడ్డకట్టి, నేటి మహారాష్ట్రములో విశేష భాగమును, మన రాష్ట్రపు పడమటి అంచును నల్లరాతితో కప్పినది. పిమ్మట భూమి పైపొర జరిగినకొలది అదే మంట సముద్రములో మాల్దీవులకును, చాగోస్ దీవులకును అడుగున పునాదులు కట్టినది. సుమారు 80 లక్షల సంవత్సరముల క్రిందట మారిషస్‌ను నీటి నుండి పైకి లేపినది. నేడది మారిషస్‌కు నైరృతి దిక్కున 200 కిలోమీటర్లకు పైబడిన దూరములోనున్న రీయూనియన్ దీవి క్రింద మండుచున్నది.

మన ప్రాంతములో కనబడు గుండ్లు ఈ జాతివి కావు. అవి గ్రానైటు శిలలు. అంతకంటె పెక్కు రెట్లు ప్రాచీనమైనవి. కాని కృష్ణానది మహాబలేశ్వరము కడ ఆ నల్లరాతి కొండలలోనే పుట్టినది. ఆ రాతిని కోసికొనుచు వచ్చి మన జూరాలను చేరుచున్నది. వరద దినములలో అది మోసికొనివచ్చు ఒండ్రులో ఆ పురాతన శిలల పొడి కలసియున్నది. కనుక మారిషస్ రాళ్లును, మన నదిలోని ఒండ్రును ఒక్క పొయ్యి నుండి వచ్చినవే! ఇది మనకును ఆ దీవికిని గల మొదటి చుట్టరికము.

ఇక మనోరథమును ఎక్కి బయలుదేరుదము. మన దేశములో వలెనే అక్కడను బండ్లు రహదారికి ఎడమ ప్రక్కన నడచును. ప్రయాణము రాజధానియైన పోర్ట్ లూయిస్ రేవు కడ మొదలగును. అక్కడ సముద్రపు టొడ్డున 16 రాతి మెట్లు కలవు. ఆ తావు పేరు ఆప్రవాసీ ఘాట్. బానిసత్వము 1835లో రద్దు కాగా, చెరకు తోటలకు పనివారు కావలసివచ్చిరి. అందుకై 1834 మొదలుకొనియే మన దేశము నుండి కూలీలను ఒప్పందము మీద ఓడలలో తీసికొనిపోయిరి. 1849లో ఈ తావున వారిని దింపుకొను కేంద్రము ఏర్పడెను. 1920 వరకు దాదాపు 5 లక్షల మంది ఆ దీవికి చేరిరి. ప్రపంచ వారసత్వ స్థలములలో ఒకటిగా దీనిని 2006లో యునెస్కో సంస్థ గుర్తించినది.

ఆ వచ్చినవారిలో తెలుగువారును ఉండిరి. కాకినాడ చెంతనున్న కోరంగి రేవు నుండి ఓడలెక్కినందున అక్కడి జనులు వారిని "కోరంగీలు" అని పిలిచిరి. విశాఖపట్టణము, శ్రీకాకుళము వైపు వారును పోయిరి. చేతిలో మూట, నోటిలో భాష, మనస్సులో దేవుడు — వారు వెంట తీసికొనిపోయిన ఆస్తి ఇంతే. తోటలలో ఒకనాడు పనికి రానివానికి రెండు దినముల కూలి కోసివేయుదురు. దీనిని "రెండు కోతలు" అని చెప్పుకొనిరి. జబ్బుతో పడియున్నను ఆ కోత తప్పెడిది కాదు. ఒప్పందపు గడువు ముగిసిన పిమ్మట కొందరు తిరిగివచ్చిరి. పెక్కుమంది అక్కడనే నిలిచిపోయిరి.

రేవు విడిచి దక్షిణముగా పోవు పెద్ద బాట ఎక్కగానే ఎడమ ప్రక్కన విచిత్రమైన కొండలు కనబడును. ఒక శిఖరము పైకెత్తిన బొటనవ్రేలి వలె ఉండును. దాని పేరు ల పూస్. ఫ్రెంచి భాషలో బొటనవ్రేలు అనియే అర్థము. మరియొకటి పీటర్ బోత్. దాని కొనపై ఒక పెద్ద గుండు తల వలె నిలిచియుండును. ఇవి ప్రాచీనమైన అగ్నిపర్వతపు గోడలో విరిగిపోక మిగిలిన ముక్కలు.

1836లో ప్రకృతి శాస్త్రవేత్త డార్విన్ ఈ దీవికి వచ్చి ల పూస్ శిఖరమెక్కెను. అతడు తన యాత్రా గ్రంథములో ఇచ్చటి బాటలు మిక్కిలి బాగున్నవనియు, దీవి వృద్ధికి అవి గొప్ప కారణమనియు వ్రాసెను. ఆ బాటలను వేసినదెవరు? భారతదేశము నుండి శిక్షపడి తేబడిన ఖైదీలు. ఆంగ్లేయులు 1815 మొదలు వారిని ఇక్కడకు తెచ్చి రహదారి పనులలో పెట్టిరి. డార్విన్ వచ్చిననాడు అట్టివారు సుమారు 800 మంది ఉండిరి. వారి గంభీరమైన ఆకారములను చూచి అతడు ఆశ్చర్యపడెను. బాటను మెచ్చుకొని ఊరకుండక, దానిని వేసినవానిని కూడ కన్నెత్తి చూచిన యాత్రికుడు అతడు.

బాట ఎక్కుచు ఎక్కుచు క్యూర్‌పీప్ పట్టణము చేరును. ఇచ్చట గాలి చల్లగా ఉండును. చినుకు తరచుగా పడును. పట్టణము నడుమనే త్రూ ఓ సేర్ అను అగ్నిపర్వతపు నోరు ఉన్నది. ఇది సముద్రమట్టమునకు 600 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. నోరనగానే భయపడవలదు. అది చల్లారి ఎన్నో యుగములైనది. గిన్నె వంటి ఆ గుంటలో చెట్లు దట్టముగా పెరిగియున్నవి. దాని అంచు చుట్టును బాట ఉన్నది. ఆ బాట మీద నడచి వచ్చినవానికి ఒక ప్రక్కన గుంటయు, మరియొక ప్రక్కన దీవిలోని కొండలును కనబడును.

ఇంకను దక్షిణముగా పోయినచో గంగా తలావు వచ్చును. ఇదియు ఒకప్పటి అగ్నిపర్వతపు నోరే. వాననీరు నిండి సరస్సైనది. 1972లో మన గంగాజలమును తెచ్చి దీనిలో కలిపిరి. మహాశివరాత్రికి దీవి నలుమూలల నుండి జనులు అలంకరించిన కావళ్లను భుజములపై మోసికొని, కాలినడకన ఈ బాటలన్నిటి మీదుగా ఇచ్చటకు వత్తురు. సరస్సు చెంత 33 మీటర్ల ఎత్తైన శివుని విగ్రహము నిలిచియున్నది. మోటారు బండ్లకై వేసిన బాటలు ఆ రాత్రి పాదయాత్రికులవగును.

అక్కడి నుండి బాట నల్లనది లోయల అడవి గుండా పోవును. 1994లో ఈ అడవిని జాతీయ వనముగా ప్రకటించిరి. ఒక మలుపు కడ బండి దిగి చూచినచో పచ్చని లోయ దూరముననున్న సముద్రము వరకు పరచుకొనియుండును. ఈ దీవికే చెందిన ఒక చిన్న డేగ జాతి 1974 నాటికి అడవులలో నాలుగు పక్షులకు తగ్గిపోయెను. శ్రద్ధగా పెంచి విడువగా మరల వందలకు పెరిగినది. కాని డోడో పక్షికి ఆ భాగ్యము లేకపోయినది. పదునేడవ శతాబ్దములోనే అది భూమిపై లేకుండ పోయెను.

అడవి దాటిన పిమ్మట షమరెల్ అను పల్లె. ఇచ్చటి జలపాతము 80 మీటర్లకు పైబడిన ఎత్తు నుండి దూకును. దానికి సమీపముననే ఏడు రంగుల నేల కలదు. ఎరుపు, గోధుమ, ఊదా, నీలి ఛాయల మట్టిదిబ్బలు అలల వలె కనబడును. ఇందులో మాయ లేదు. వేలకొలది యేండ్లు ఎండయు వానయు తగిలి నల్లరాయి మట్టియైనది. కరగునది కరగి పోయినది. ఇనుము, అల్యూమినియముల భస్మములు మిగిలినవి. ఆ మిగిలినవాని పాళ్లను బట్టి రంగులు మారినవి. నాగర్‌కర్నూలు చెలకలు ఎఱ్ఱగా ఉండుటకును ఇట్టి ఇనుమే కారణము.

షమరెల్ నుండి బాట పాము వలె మెలికలు తిరుగుచు పడమటి తీరమునకు దిగును. మలుపు మలుపునకు సముద్రము మరింత దగ్గరగును. తీరమునకు కొంత దూరములో పగడపు దిబ్బ గోడ వలె ఉండుటచే పెద్ద అలలు అక్కడనే విరిగి తెల్లని గీత గీసినట్లుండును. గోడకు లోపలి నీరు నిశ్చలమై లేత ఆకుపచ్చగా మెరయును. ఎదుట ల మోర్న్ అను ఏకశిలా పర్వతము నీటి నుండి లేచినట్లు నిలుచును. దాని ఎత్తు 556 మీటర్లు. బానిసత్వపు దినములలో యజమానుల నుండి పారిపోయినవారు దీని గుహలలోను, శిఖరముపైనను తలదాచుకొనిరి. విడుదల వార్త చెప్పుటకు వచ్చిన భటులను చూచి, తమను పట్టుకొన వచ్చినారని భ్రమించి, వారు కొండపై నుండి దూకి ప్రాణములు విడిచిరని అక్కడివారు చెప్పుకొందురు. 2008లో ఈ కొండయు ప్రపంచ వారసత్వ స్థలమైనది.

ఇక దక్షిణ తీరపు బాట. మకొండే కడ అది కొండ అంచును చుట్టుకొని సముద్రము మీదికి వంగినట్లు తిరుగును. సూయాక్ ఊరి చెంతనున్న గ్రీ గ్రీ కడ పగడపు గోడ లేదు. అలలు తిన్నగా వచ్చి నల్లని రాతి గోడను కొట్టును. ఒక్క దీవిలోనే సముద్రపు శాంతమును రౌద్రమును మనము చూతుము.

తిరుగు ప్రయాణములో చెరకు తోటల నడుమ ఒక వింత కనబడును. తోటలో అక్కడక్కడ నల్లరాళ్లు గోపురముల వలె పేర్చియుండును. తెలియనివారు వానిని ప్రాచీన దేవాలయముల శిథిలములని భ్రమింతురు. అవి ఆలయములు కావు. ఈ నేల నిండ అగ్నిశిలలు. చెరకు నాటవలెనన్న ముందు రాళ్లు ఏరవలెను. మొదట బానిసలును, తరువాత మన దేశపు కూలీలును ఎండలో వంగి, ఒక్కొక్క రాతిని చేతులతో ఎత్తి ఆ కుప్పలు పోసిరి. నేడు యాత్రికులు వాని ఎదుట నిలిచి ఛాయాచిత్రములు తీసికొందురు. చూచుటకు అందమైనవే. కాని అవి ఎందరి నడుములు విరిగిన గుర్తులో తలచినప్పుడు ఆ అందము మనలను మౌనముగా నిలబెట్టును.

ఆ కూలీల సంతానము నేడు ఉపాధ్యాయులు, వైద్యులు, ఉద్యోగులు. 1968 మార్చి 12న మారిషస్ స్వతంత్రమైనది. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు దినము. పాఠశాలలలో తెలుగు నేర్పుదురు. రామభజనలు, అమ్మోరు పండుగ, సింహాద్రి అప్పన్న పూజ నేటికిని సాగుచున్నవి. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగినవి. ఇది మనకును దానికిని గల రెండవ చుట్టరికము.

పొరుగుననున్న రీయూనియన్‌లో పొయ్యి ఇంకను ఆరలేదు. 2007 ఏప్రిలులో ద్రవశిల పొంగి, తీరపు రహదారిని కప్పి, సముద్రములో పడినది. అది గట్టిపడిన పిమ్మట ఆ క్రొత్త రాతి మీదనే మనుష్యులు మరల బాట వేసిరి. ప్రకృతి బాటను మ్రింగును. మనుష్యుని చేయి మరల వేయును.

విద్యార్థులారా! మన మూడు జిల్లాలు 2016 వరకు పాలమూరు అనబడు మహబూబ్‌నగర్ జిల్లాలోనివి. పాలమూరు కూలీలనగానే దేశమంతట తెలియును. ఎన్నో ఆనకట్టలకు మట్టి మోసినవారు, ఎన్నో కాలువలు త్రవ్వినవారు, ఎన్నో బాటలకు కంకర కొట్టినవారు మన ఊళ్లవారే. మీలో కొందరి తాతలు, తల్లిదండ్రులు వారిలో ఉండవచ్చును. ఆ మాట చెప్పుటకు సిగ్గుపడవలదు. ఆ దీవిలో చదువుకొన్న మనుమలు తమ తాతలు ఎక్కిన 16 మెట్లను సిగ్గుతో దాచలేదు; పూజ్యముగా కాపాడుకొన్నారు.

ఇకమీద మీరు ప్రయాణము చేయునప్పుడు కిటికీ నుండి కొండను చూచి ఆనందింపుడు. దానిని మలచినదేదో తెలిసికొనుడు. పిమ్మట బాట వంక చూచి, దానిని వేసిన చేతులను ఒక్కసారి తలచుకొనుడు.