పూత దశలో పసుపు ఆకు: రాజ్‌మా మడిలో లోప నిర్ధారణ

నర్సీపట్నం మైదానానికీ మన్యానికీ నడుమనున్న కూడలి. చింతపల్లి, గూడెం కొత్తవీధి మండలాల నుండి ఘాట్ రోడ్డు దిగివచ్చే రైతు ఎరువులకూ, పురుగుమందులకూ తరచు ఈ పట్టణాన్నే ఆశ్రయిస్తాడు. గంజాయి అక్రమ రవాణా కేసులలోనూ ఈ దారి పేరు పదేపదే వినిపించింది. అనుమతి లేని గంజాయి సాగు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం పదేళ్ళ వరకు కఠిన కారాగార శిక్షకు గురిచేసే నేరం. 2021లో ఆరంభమైన ‘ఆపరేషన్ పరివర్తన’లో మన్యంలోని వేలాది ఎకరాల తోటలు ధ్వంసమయ్యాయి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపాన సుమారు 2 లక్షల కిలోల గంజాయిని దహనం చేశారు.

తోట నరికినంత మాత్రాన సమస్య తీరదు. ఆ స్థానంలో వేసిన కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్‌మా నిలదొక్కుకోవాలి. కొత్తగా వేసిన రాజ్‌మా పూతకు వచ్చిన వేళ ఆకు పసుపుబారి, తప్పుడు సలహాతో పెట్టుబడి వృథా అయితే రైతు కోల్పోయేది ఆ పంట దిగుబడిని మాత్రమే కాదు. ప్రత్యామ్నాయ పంటపై నమ్మకాన్ని కూడా. కనుక ఆకు లక్షణాన్ని సరిగా చదవగలగడం ఈ ప్రాంత విస్తరణ సేవలో కీలకాంశం.

ఆకు స్థానమే తొలి ఆధారం

పూత, కాయ దశలలో మొక్క ముదురు ఆకులలోని పోషకాలను పూతకూ కాయకూ తరలిస్తుంది. నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం ఇట్లు సులువుగా కదలగల పోషకాలు. వీటి లోపం మొదట క్రింది ఆకులలో కనిపిస్తుంది. ఇనుము, కాల్షియం, బోరాన్ తేలికగా కదలవు. గంధకం కదలిక కూడా పరిమితమే. అందుచేత వీటి లోపం లేత ఆకులలో, చివరి మొగ్గలో బయటపడుతుంది.

క్రింది ఆకు మొత్తం సమానంగా లేత పసుపుగా మారితే నత్రజని లోపాన్ని, ఈనెలు పచ్చగా ఉండి నడిమి భాగం పసుపుబారితే మెగ్నీషియం లోపాన్ని, అంచులు మాడినట్లు ఎండితే పొటాష్ లోపాన్ని అనుమానించాలి. గింజ గట్టిపడిన తరువాత క్రింది ఆకులు పండి రాలడం సహజ పరిణామం. దానికి మందు అవసరం లేదు.

రాజ్‌మా ప్రత్యేకత

రాజ్‌మా పప్పుజాతి పంటే అయినా దీని వేర్లపై బుడిపెలు సమర్థంగా ఏర్పడవు. కంది, మినుములకు ఇచ్చినట్లు స్వల్ప మోతాదుతో సరిపెడితే పూత నాటికి నత్రజని లోపం తలెత్తుతుంది. ఈ పంటకు సాధారణంగా హెక్టారుకు 90-120 కిలోల నత్రజనిని రెండు దఫాలుగా సిఫారసు చేస్తారు. రెండవ దఫా తప్పిన మడిలో తక్షణ ఉపశమనానికి లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి సాయంవేళ పిచికారీ చేయవచ్చు.

లేత ఆకు పసుపుబారగానే అన్నభేది చల్లించడం మరొక పొరపాటు. ఆమ్ల స్వభావం గల నేలలలో ఇనుము లోపం అరుదు. అచ్చట గంధకం లోపాన్నో, వేరు దెబ్బతినడాన్నో ముందుగా పరిశీలించాలి. ఉదజని సూచిక తెలియకుండా ఇనుము లోపమని నిర్ధారించరాదు.

పోషక లోపమా, తెగులా?

పోషక లోపం సాధారణంగా ఒకే వయసు ఆకులన్నింటిలో, ఈనెకు ఇరువైపులా సమానంగా కనిపిస్తుంది. తెగులు చాలావరకు అక్కడక్కడ మచ్చలుగా మొదలై వ్యాపిస్తుంది. మన్యపు పొగమంచులో ఆకు చాలాసేపు తడిగా ఉండడం శిలీంధ్రాలకు అనుకూలం. ఇటుక రంగు పొక్కులను వ్రేలితో రుద్దినప్పుడు పొడి అంటితే అది తుప్పు తెగులు. ఈనెల నడుమ కోణాకారపు గోధుమ మచ్చలుంటే కోణాకార ఆకుమచ్చ తెగులు. ముదురు, లేత ఆకుపచ్చ రంగులు కలగలసి, ఆకు ముడతపడితే మొజాయిక్ వైరస్‌ను అనుమానించాలి. ఇది విత్తనం ద్వారానూ, పేనుబంక ద్వారానూ వ్యాపిస్తుంది. ఆకుపై సన్నని తెల్లచుక్కలు, అడుగున సాలెగూడు వంటి దారాలు ఉంటే ఎర్రనల్లి పని. భూతద్దం లేకుండా ఆకు అడుగుభాగాన్ని చూసి తీర్పు చెప్పరాదు.

మొక్కను పీకి చూడాలి

ఆకు పసుపుబారడానికి కారణం చాలాసార్లు నేలలోనే ఉంటుంది. నీరు నిలిచిన పల్లపు భాగంలోనే మొక్కలు వాడితే ఒకటి రెండింటిని మట్టితో సహా పెకలించి చూడాలి. వేర్లు గోధుమరంగుకు మారి మెత్తబడితే అది వేరుకుళ్ళు. ఆ స్థితిలో పైపాటుగా ఎంత ఎరువు వేసినా మొక్క గ్రహించలేదు. ముందు మురుగునీరు పోయే దారి కావాలి.

విస్తరణ కార్యకర్త క్రమం

మొదట మడి అంతటా తిరిగి, లక్షణం ఎచ్చట ఉన్నదో గుర్తించాలి. తరువాత ఆకు స్థానం, మచ్చ ఆకృతి, ఆకు అడుగుభాగం, వేరు వరుసగా పరిశీలించాలి. వేసిన ఎరువు, కొట్టిన మందు, కురిసిన వాన గురించి రైతును అడిగి నమోదు చేయాలి. సందేహం మిగిలితే ఆరోగ్యకరమైన మొక్కల నుండీ, సమస్య ఉన్న మొక్కల నుండీ ఒకే వయసు ఆకులను వేర్వేరుగా కాగితపు సంచులలో సేకరించి, మట్టి నమూనాతో సహా ప్రయోగశాలకు పంపాలి.

దుకాణం బల్లపై పెట్టిన ఒక్క ఎండుటాకును చూసి మూడు మందుల చీటీ వ్రాయడం సులభమే. ఘాట్ ఎక్కి మడి చూసి, ఇది సహజ పండుబాటేననీ, మందు అవసరం లేదనీ రైతుకు ధైర్యం చెప్పగలిగిన నాడు ఆ ఖర్చు మిగులుతుంది. మరుసటి ఏడు కూడా అదే మడిలో రాజ్‌మా విత్తనం పడుతుంది.